వెయ్యి వాట్ల వదిన

మొన్న కుక్కరు గాస్కెట్టు కోసం బందరు రోడ్డులో ఒక మిక్సీల షాపుకి వెళ్ళాను. గుమ్మంలోనే బల్ల వేసి, దాని మీద నిగనిగలాడే ఎర్ర మిక్సీ పెట్టి, షాపు యూనిఫాం వేసుకున్న ఒకమ్మాయి అందులో అరటిపళ్ళూ ఖర్జూరాలూ పాలూ వేసి తిప్పుతోంది. వచ్చినవాళ్ళకల్లా చిన్న కాగితం కప్పులో పోసి ఇస్తోంది. నాకూ ఇవ్వబోయింది. వద్దమ్మా అన్నాను. ఆ పిల్ల ఊరుకోవచ్చుగా, "తీసుకోండి మేడం, షుగర్ అస్సలు వెయ్యలేదు, అంతా పళ్ళే" అంది.

నాకు ఎక్కడలేని కోపం ముంచుకొచ్చింది. పళ్ళలో ఉన్నది మరేమిటమ్మా, ఉప్పా అని మొదలుపెట్టి, పంచదార డబ్బాలో ఉన్నదొక్కటే పంచదార కాదనీ, రెండు అరటిపళ్ళూ నాలుగు ఖర్జూరాలూ కలిస్తే ఒంట్లో ఏం జరుగుతుందో తెలుసా అనీ, ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన గొంతుతో క్లాసు పీకాను. వెనకాల ఎవరో నవ్వారు. ఆ పిల్ల కప్పు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. గాస్కెట్టు కొనకుండానే బయటపడ్డాను. ఆటో ఎక్కి కూర్చున్నాక గాని తెలిసిరాలేదు, నేను పోట్లాడింది ఆ పిల్లతో కాదు, పోయి ఇన్నేళ్ళయిన మా వదినతో అని.

వదిన అంటే మా ఆయనకి అక్క. ఆయన కంటే పన్నెండేళ్ళు పెద్దది. చాలాకాలం పామర్రులో ఉన్నారు. ఆవిడ భర్తని నేను అన్నయ్యగారు అంటాను. ఆయన కాలవల డిపార్టుమెంటులో రిటైరయ్యాక తొంభైల చివర్లో విజయవాడ వచ్చి, భవానీపురంలో మా ఇంటికి రెండు వీధుల అవతల మేడ మీద పోర్షన్ తీసుకున్నారు. పిల్లలు లేరు. ఆ లోటు గురించి వదిన ఒక్కనాడూ మాట్లాడగా నేను వినలేదు. మాట్లాడితే తమ్ముడి గురించి మాట్లాడేది. లేకపోతే బలం గురించి.

ఆ బలానికి యంత్రం దొరకడం నా ఖర్మకొద్దీ నా ఎదురుగానే జరిగింది. ఊళ్ళో ఎగ్జిబిషన్ పెడితే ఇద్దరం వెళ్ళాం. ఒక స్టాల్లో మిక్సీలు అమ్మే అతను ఎండు పసుపు కొమ్ములు గుప్పెడు జారులో పడేసి ఒక్క నిమిషంలో మెత్తటి పొడి చేసి చూపించాడు. తర్వాత ఇంకో జారులో క్యారెట్టూ బీట్‌రూటూ యాపిలూ ముక్కలు కూడా చెయ్యకుండా వేసి తిప్పాడు. హోటళ్ళకి ఇచ్చే మోటారు ఇదేననీ, వెయ్యి వాట్లనీ చెప్పాడు. మా ఇంట్లో ఉన్నది అందులో సగం. వదిన ఆ ఎర్రటి చిక్కని ద్రవాన్ని ఒక్క గుక్కలో తాగి, మూతి తుడుచుకోకుండా, ఇన్నాళ్ళూ మనం తిన్నదంతా దండగేనే అమ్మాయ్ అంది. ఆ మిక్సీని ఆటోలో ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చుకుంది. పక్కన కూర్చున్న నేను గాజులు కొనుక్కున్న సంతోషంలో ఉన్నాను. నా మీదికి ఏం వస్తోందో నాకేం తెలుసు?

మర్నాటినుంచీ ఆ వీధికి తెల్లవారడం అంటే మా వదిన మిక్సీ మోగడమే. అయిదున్నరకి మొదలయ్యేది. అది తిరిగితే కింద పోర్షన్లో ట్యూబ్‌లైటు మసకబారేది, టీవీలో బొమ్మ మీద అడ్డగీతలు పడేవి. మొదటి నెలలోనే మూడుసార్లు ఫ్యూజు పోయింది. అన్నయ్యగారు పాపం మెతక మనిషి. అయిదింబావుకి లేచి చెవుల్లో దూది పెట్టుకుని పేపరు ముందు కూర్చునేవారు. ఆ దూది ఆయన పగలంతా తియ్యడం మర్చిపోయేవారు, లేకపోతే మర్చిపోయినట్టు ఉండేవారు.

పత్రికల్లో ఆరోగ్యం పేజీలన్నీ కత్తిరించి వదిన ఒక పాత రిజిస్టరులో అంటించుకునేది. ఏ పేజీలో ఏది మంచిదని ఉంటే అది ఆ వారమంతా మిక్సీలోకి వెళ్ళేది. సపోటాలు తొక్కతో సహా. ద్రాక్షలు గింజలతో సహా. జామకాయలు ముచికలు మాత్రం తీసి. ఒకసారి నానబెట్టిన రాగులూ మునగాకూ తాటిముంజెలూ కలిపి పోసింది. ఆ రుచి నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. తొక్కలోనే బలమంతా ఉందని ఆవిడ నమ్మకం. వడకట్టడం అంటే ఆవిడ దృష్టిలో పాపం. ఒకరోజు మా వంటింట్లోకి వచ్చి, టీ వడగట్టు తప్ప మిగతా జల్లెడలూ వడపోత గుడ్డలూ అన్నీ సంచిలో వేసుకుని పట్టుకుపోయింది. వారం తర్వాత వెళ్ళి అడిగితే, "అవుంటే నువ్వు వడకడతావు" అంది. చేసేది లేక కొత్తవి కొనుక్కుని పోపుల డబ్బా వెనకాల దాచుకున్నాను.

టీవీలో వంటల కార్యక్రమం చూసి కొన్నాళ్ళకి స్మూతీ అనే మాట నేర్చుకుంది. ఇక జ్యూసు అంటే ఊరుకునేది కాదు. వడకట్టింది జ్యూసు, వడకట్టనిది స్మూతీ అని వీధిలో కూరగాయల బండివాడికి కూడా నేర్పింది. అతను మా ఇంటి ముందు ఆగి, స్మూతీలోకి కీరదోసలు బాగున్నాయమ్మా అని అరిచేవాడు.

ఆవిడ ఇచ్చే గ్లాసు మామూలు గ్లాసు కాదు, అర్ధశేరు పట్టే స్టీలు గ్లాసు. ఇచ్చి వెళ్ళిపోతే మొక్కలకి పోసుకోవచ్చు. వెళ్ళేది కాదు. నడుం మీద చెయ్యి పెట్టుకుని ఎదురుగా నిలబడేది. మనం గుటక వేస్తుంటే ఆవిడ గొంతు కూడా కదిలేది. తాగేశాం అనుకుని గ్లాసు కింద పెట్టబోతే, లోపలికి తొంగి చూసి, అడుగున అంటుకున్న పిప్పిలో రెండు చెంచాల నీళ్ళు పోసి, గుండ్రంగా తిప్పి మళ్ళీ చేతికిచ్చేది. "అసలుది అడుగునే ఉండిపోయింది, తాగు" అనేది. నా స్కూల్లో ఇన్స్పెక్షనుకి వచ్చిన ఆఫీసర్లు కూడా నన్ను అంత భయపెట్టలేదు.

ఇంకో అలవాటు మరీ ఒళ్ళు మండించేది. ఏదైనా ముఖ్యమైన మాట చెప్పాలంటే మిక్సీ ఆన్ చేసి చెప్పేది. మోటారు గీపెడుతుంటే ఆవిడ పెదాలు కదలడం మనకి కనిపిస్తుంది, ఒక్క మాట వినిపించదు. ఆపాక, అర్థమైందిగా అనేది. ఏమిటండీ అంటే, చెప్పిందే మళ్ళీ చెప్పడానికి నాకేం పనిలేదా అని విసుక్కునేది. ఏడాది తిరక్కుండానే నాకు తెలిసిపోయింది. తనకి జవాబు వినాలని లేనప్పుడే ఆవిడ స్విచ్చు మీద చెయ్యి వేస్తుందని.

ఇంటికొచ్చినవాళ్ళందరికీ పోసినా ఆవిడ గురి అంతా తమ్ముడి మీదే. వాళ్ళమ్మ ఆయన మూడో ఏట పోయారు. ఆయనకి ఆరేళ్ళప్పుడు టైఫాయిడ్ వచ్చి నలభై రోజులు మంచం పట్టారట. అప్పటికి వదినకి పద్దెనిమిదేళ్ళు, పెళ్ళయి ఆరునెలలు. అత్తవారింటి నుంచి వచ్చి కూర్చుంది. ఏం పెట్టినా వాంతి చేసుకుంటుంటే, చక్కెరకేళి పండు వేళ్ళతో మెదిపి, పల్చటి గుడ్డలో వడకట్టి, పాలల్లో కలిపి చెంచాతో పోసిందట. అది కడుపులో నిలిచింది. అలా రోజుకి ఇన్నిసార్లని నలభై రోజులు పోసింది. ఆ పండే వీణ్ణి బతికించింది అని ఆవిడ వెయ్యిసార్లయినా చెప్పి ఉంటుంది. అప్పుడు మాత్రం వడకట్టొచ్చు కాబోలు అని నేను గొణిగితే మా ఆయన నా వైపు కోపంగా చూసేవారు. ఆ కథలో ఆయనకి హాస్యం అక్కర్లేదు.

మా ఆయన ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవారు. విజయవాడలో అచ్చయ్యే స్కూలు గైడ్లలో, పంచాంగాల్లో సగం ఆయన కళ్ళ కిందనుంచి వెళ్ళినవే. నలభై నాలుగో ఏట ఒకరోజు అక్షరాలు అలుక్కుపోయినట్టు కనపడుతున్నాయని అద్దాల కోసం వెళితే, కంటి డాక్టరు అద్దాలు ఇవ్వకుండా రక్తపరీక్షకి పంపించారు. షుగర్ మూడువందలకి పైన ఉంది. ఎన్నాళ్ళనుంచి ఉందో, కంటి వెనక నరాలు అప్పుడే చెడడం మొదలైంది. షుగర్ అదుపులో ఉంటే కళ్ళు ఉంటాయి, లేకపోతే చేసేదేమీ లేదని డాక్టరు నా మొహం చూసి చెప్పారు. ఆయన బతుకంతా ఆ కళ్ళ మీదే ఉంది. మా పిల్ల చదువు, ఇంటద్దె, ఆయన మర్యాద, అన్నీ.

ఆ రోజునుంచీ మా వంటిల్లు నా లెక్కల క్లాసయింది. అన్నం కప్పుతో కొలిచాను. బంగాళాదుంప, చామదుంప గుమ్మం తొక్కలేదు. మామిడికాయల రోజుల్లో ఇల్లంతా రసాల వాసన లేకుండా గడిపాం. ఆయన తిననిది నేనూ తినలేదు. పొద్దున్నే నడవమన్నారని ఆయన రోజూ ఏటి ఒడ్డున గంటసేపు నడిచి వచ్చేవారు. ఇంత చేసినా షుగర్ దిగలేదు. మాత్రలు పెంచారు. అయినా దిగలేదు. ఇంట్లో ఏం పెడుతున్నారమ్మా అని డాక్టరు అడిగారు. ఆ ప్రశ్నలో ఉన్న అనుమానానికి నేను చచ్చినంత పనయింది.

ఎనిమిది నెలలు అలా గడిచాక ఒక ఆదివారం పొద్దున గిన్నె ఇచ్చి రావడానికి వదిన ఇంటికి వెళ్ళాను. ఆవిడ మిక్సీ జారు కడుగుతూ నా వంటని ఎత్తిపొడవడం మొదలుపెట్టింది. నువ్వు పెట్టే ఆ రెండు పుల్కాలకి మనిషి నిలబడతాడా అంది. రోజూ నడక అయ్యాక ఇక్కడికొచ్చి ఒక గ్లాసు తాగిపోతున్నాడు గనక ఆ మాత్రం ప్రాణం ఉంది అంది. గొప్పగా చెప్పింది. దాచాలన్న ఆలోచన కూడా లేదు.

ఏం గ్లాసు అని అడిగాను. రెండు చక్కెరకేళీలు, నాలుగు ఖర్జూరాలు, ఒక సపోటా తొక్కతో, గ్లాసుడు పాలు, పైన తేనె. "పంచదార మటుకు చిటికెడు కూడా వెయ్యనే అమ్మాయ్. ఆ మాత్రం నాకు తెలవదా?" అంది.

ఎనిమిది నెలలు నేను కప్పుతో అన్నం కొలుస్తూ, ఆ కప్పు పెద్దదేమోనని చిన్నది మారుస్తూ, డాక్టరు ముందు దోషిలా కూర్చుంటూ ఉన్నాను. రెండు వీధుల అవతల రోజూ ఇది జరుగుతోంది. పళ్ళలో ఉన్నదీ, తేనెలో ఉన్నదీ రక్తంలోకి వెళ్ళాక అదేనని చెప్పాను. నమిలి తింటే నెమ్మదిగా ఎక్కేది ఇలా తిప్పి తాగితే ఇంకా తొందరగా ఎక్కుతుందని చెప్పాను. దేవుడిచ్చిన పండు పంచదార ఎట్టా అయిద్దని అడిగింది. మళ్ళీ మొదటినుంచీ చెప్పాను. ఆవిడ ఖాళీ జారు మోటారు మీద పెట్టి స్విచ్చు వేసింది.

ఆ గీపెట్టే చప్పుడులో ఆవిడ పెదాలు కదులుతున్నాయి. నేను వెళ్ళి గోడకున్న ప్లగ్గు లాగేశాను. పదిహేనేళ్ళ కాపురంలో ఆడపడుచు ఇంట్లో నేను చేసిన అతి పెద్ద సాహసం అదే. మోటారు తిరిగి తిరిగి ఆగింది.

"ఆయన కన్ను పోతోంది వదినగారూ. మీ గ్లాసు వల్ల పోతోంది" అన్నాను.

ఆవిడ నా వైపు చూసింది. ఇంతసేపూ చెప్పిన లెక్కలేవీ ఎక్కలేదు గాని ఈ మాట ఎక్కింది. "నా చేత్తో పోసినదాని వల్లా?" అంది. అవునన్నాను. ఇంకోసారి అడిగింది. ఇంకోసారి అవునన్నాను. ముక్కాలి పీట మీద కూర్చుంది. అన్నయ్యగారు పేపరు దించి మా ఇద్దరినీ చూసి, ఏం వినపడక మళ్ళీ పేపరు ఎత్తుకున్నారు.

ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చింది. ఏమేం వెయ్యచ్చో రాసిమ్మంది. తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చాను: కీరదోస, కాకరకాయ, కరివేపాకు, కొత్తిమీర, నానిన మెంతులు, నిమ్మకాయ, వెన్న తీసిన మజ్జిగ. ఆ కాగితం మిక్సీ వెనక గోడకి అంటించుకుంది. మర్నాడు ఆరింటికి స్టీలు క్యాన్‌లో ఆ పచ్చటి చేదు తీసుకుని మా గుమ్మంలో ఉంది. ఇక తమ్ముడు తన ఇంటికి రానక్కర్లేదనీ, నా కళ్ళ ముందే పోస్తాననీ చెప్పింది. ఇందులో ఏమీ కలపలేదని నాకు నమ్మకం కుదరడానికి సగం నన్ను తాగమంది.

అక్కడ నేను మొహమాటపడ్డాను. ఒక్కరోజు తాగితే అయిపోతుందనుకున్నాను. ఆరేళ్ళు తాగించింది. షుగరు లేని మనిషిని, ఏ జబ్బూ లేని మనిషిని, ఆరేళ్ళు పచ్చి కాకరకాయ తాగాను. ఇన్స్పెక్షను మామూలే. అడుగున నీళ్ళు పోసి తిప్పి ఇవ్వడం మామూలే. వేసవి సెలవల్లో నేను పుట్టింటికి వెళ్ళినా సరే, తిరిగొచ్చి బస్సు దిగి మా ఇంటికి చేరేసరికి క్యాన్ గుమ్మంలో ఉండేది. పాఠం మధ్యలో కాకర త్రేన్పులు వచ్చి పిల్లలు నవ్వేవారు.

కానీ పరీక్షలో షుగర్ దిగింది. పరగడుపున నూటముప్పై, నూటనలభై. మొదటిసారి చూసినప్పుడు వదినకి ఆ కాగితం తీసుకెళ్ళి చూపించాను కూడా. తర్వాత డాక్టరు ఇంకో పరీక్ష రాశారు. ఆ రోజు షుగర్ కాదు, మూడు నెలల సగటు చెప్పే పరీక్ష. అది చాలా ఎక్కువ వచ్చింది. సగటు అంటే ఏమిటో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. పరీక్ష చేసిన రోజు తక్కువ ఉండి మూడు నెలల సగటు ఎక్కువ ఉందంటే, మిగతా రోజుల్లో ఎక్కడో ఎక్కువ ఉందన్నమాట. ఎక్కడ? పరీక్ష ముందు నాలుగు రోజులు కాదమ్మా, మిగతా రోజులు కూడా పథ్యం చేయించండి అని డాక్టరు నాతోనే అన్నారు. ఇంటికొచ్చి ఆయన్ని నిలదీశాను. నువ్వు పెట్టిందే తింటున్నాను, అక్క పోసిందే తాగుతున్నాను అన్నారు. అందులో అబద్ధం లేదని నాకు తర్వాత తెలిసింది.

ప్రెస్సులో టీ మీద అనుమానపడ్డాను. మాత్రలు నకిలీవేమోనని షాపు మార్చాను. నా వంటనే అనుమానించాను. వదినని మాత్రం అనుమానించలేదు. రోజూ నాతో కలిసి కాకరకాయ తాగే మనిషిని ఎలా అనుమానిస్తాను? ఈలోగా కుడికంటికి లేజరు చేశారు, మళ్ళీ చేశారు. మూడో ఏటికి ఆ కంట్లో వెలుగూ నీడా తప్ప ఏమీ మిగల్లేదు. ఆయన కుడికన్ను మీద అరచెయ్యి పెట్టుకుని, ఎడమకంటితో, భూతద్దం పట్టుకుని ప్రూఫులు దిద్దడం మొదలుపెట్టారు. ఇక ఉన్నది ఆ ఒక్క కన్నే.

వదినకి గుండె బలహీనపడింది. మెట్లు దిగలేకపోయింది. జారు ఎత్తలేకపోయింది. మంచంలో కూర్చుని అన్నయ్యగారికి హుకుములిచ్చేది, ఆయన చెవుల్లో దూదితో అవి వినకుండా ఏదో ఒకటి వేసి తిప్పేవారు. ఆ రోజుల్లో ఒక మధ్యాహ్నం నేను వెళితే, తలుపు దగ్గరికి వేసి రమ్మంది. కోప్పడనని మాటిస్తే ఒకటి చెప్తానంది. కోప్పడనన్నాను.

"వాడికి వారానికి మూడ్రోజులు పోస్తానే ఉన్నానే" అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆవిడ తీరిగ్గా చెప్పుకొచ్చింది. ఆరింటికి మా ఇంటికి తెచ్చే చేదు నిజంగా చేదేనట. ప్రెస్సుకి వెళ్తూ ఆయన ఇటు వచ్చేవారట. రెండు పళ్ళు వేసేది ఒక పండే వేసిందట. ఖర్జూరం పూర్తిగా మానేసిందట, తేనె ఒక్క చెంచా. పరీక్షకి నాలుగు రోజుల ముందునుంచీ పోసేది కాదట. అంటే ఆవిడకి నేను చెప్పిందంతా బాగానే అర్థమైంది. పరీక్ష ఎలా తప్పించుకోవాలో కూడా అర్థమైంది.

మాట నిలబెట్టుకోలేదు. మంచంలో ఉన్న మనిషి మీద విరుచుకుపడ్డాను. ఆరేళ్ళు నన్ను వెర్రిదాన్ని చేశారన్నాను. డాక్టరు ముందు తలొంచుకుని కూర్చున్నది నేనన్నాను. చివరికి అనకూడని మాట కూడా అన్నాను. "ఆ కన్ను మీరే తీశారు వదినగారూ" అన్నాను.

ఈసారి ఆవిడకి స్విచ్చు అందుబాటులో లేదు.

"నువ్వు ప్లగ్గు పీకిన కాణ్ణించీ నెల రోజులు పొయ్యలేదే. నిజం. ఒకరోజు వచ్చి ఆ మెట్ల మీద కూచున్నాడు. అక్కా, కడుపులో ఏందో వెలితిగా ఉంటాంది, ఒక్క అరగ్లాసు పొయ్యవే అన్నాడు. నలభై అయిదేళ్ళ మొగోడు. పుట్టి బుద్ధెరిగినాక వాడు నోరు తెరిచి నన్ను అడిగింది అదొక్కటే. ఎట్టా కాదంటానే?"

ఆవిడ దిండు మీదికి ఒరిగింది.

"రేపు నేను లేకపోతే వాడు ఇంకెక్కడన్నా తాగుతాడేమో, చూసుకో. నీకు లెక్క తెలియాలని చెప్తన్నా" అంది.

బదులు చెప్పకుండా చెప్పులు వేసుకుని మెట్లు దిగి వచ్చేశాను. మర్నాడు వెళ్దామనుకున్నాను. కోపం తగ్గలేదు. ఎల్లుండి వెళ్దామనుకున్నాను. నాలుగో రోజున పోయింది. ఆవిడతో నేను మాట్లాడిన చివరి మాట ఆ కన్ను మాటే. తలుచుకుంటే ఇప్పటికీ నోరు చేదవుతుంది. అయితే అది అబద్ధమని చెప్పుకుని ఊరట పొందడానికి కూడా వీల్లేదు. నాకు సిగ్గుగా ఉంటుంది, మరుక్షణం కోపంగా ఉంటుంది, ఆ రెండూ ఇన్నేళ్ళుగా ఒకదాన్నొకటి తగ్గించుకోలేదు.

ఆవిడ నాతో చెప్పిందని మా ఆయనకి నేను చెప్పలేదు. తాను అడిగి తాగానని ఆయనా నాకు చెప్పలేదు. పెద్దకర్మ అయ్యాక ఆయన పొద్దున్నే నడిచి వచ్చి, నేను పెట్టింది తిని, నేరుగా ప్రెస్సుకి వెళ్ళేవారు. దారి మార్చుకున్నారని వీధి చివర మందుల షాపతను చెప్పాడు. ఇప్పుడు వదిన ఇంటి మీదుగా కాక పెద్ద రోడ్డు మీదుగా చుట్టు తిరిగి వెళ్తున్నారట. ఆయన్ని ఏదైనా అనాలని రోజూ అనుకునేదాన్ని. ఆయన అన్నం కలుపుకుంటూ ఉంటే అనలేకపోయేదాన్ని.

మూడు నెలల తర్వాత మళ్ళీ సగటు పరీక్ష చేయించాం. రిపోర్టు తెరవకుండానే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. అందులో ఏముంటుందో నాకు ముందే తెలుసు, అందుకే తెరవలేదు. డాక్టరు చూసి, ఇంకోసారి చూసి, పాత కాగితాలు తిరగేసి, మొహం ఇంత చేసుకున్నారు. ఏడేళ్ళలో మొదటిసారి మామూలు మనిషికి ఉండాల్సినంత ఉందన్నారు. ఇలాగే ఉంటే ఎడమకంటికి ఏ భయమూ లేదన్నారు. ఇన్నేళ్ళూ నన్ను అనుమానంగా చూసిన మనిషి, మెచ్చుకోలుగా చూశారు.

"ఏం మార్చారమ్మా?" అన్నారు.

మా ఆయన రిపోర్టు చేతిలోకి తీసుకుని, ఎడమకంటికి దగ్గరగా పెట్టుకుని, ఆ అంకె కింద వేలు పెట్టి, ప్రూఫు చూసినట్టు రెండుసార్లు చూశారు.

"మా అక్క పోయిందండీ" అన్నారు.

డాక్టరు అయ్యో అన్నారు. బయట ఇంకా చాలామంది ఉన్నారు. ఒక మాత్ర కొట్టేసి చీటీ రాసి, తల ఎత్తకుండానే, "ఏమీ మార్చకండి, ఇలాగే కంటిన్యూ చెయ్యండి" అన్నారు.

మా ఆయన సరేనండీ అన్నారు.